బయటి కంప్రెసర్‌ని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి కలపడం

నా దగ్గర సూది మీటరున్న పాత కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గుల్ని తగ్గించే పెట్టె) ఒకటి ఉంది. ఒక చానెల్‌దే. మొదటిసారి దాన్ని కంప్యూటర్‌కి కలిపినప్పుడు గాయని గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు వినిపించింది. పెట్టె పాడైందనుకుని సాయంత్రమంతా నాబ్‌లు తిప్పుతూ కూర్చున్నాను. పెట్టె శుభ్రంగానే ఉంది. తప్పు ఎక్కడో కాసేపట్లో చెబుతాను.

ముందు మీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల్ని, స్పీకర్లని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) వెనక్కి తిప్పి చూడండి. 1, 2 ఔట్‌పుట్లు స్పీకర్లవి, వాటి జోలికి వెళ్లొద్దు. ఖాళీగా ఇంకో లైన్ ఔట్‌పుట్, ఒక లైన్ ఇన్‌పుట్ కావాలి. స్టీరియో పరికరమైతే రెండేసి. నేను 3వ ఔట్‌పుట్ నుంచి కంప్రెసర్ ఇన్‌పుట్‌కి, కంప్రెసర్ ఔట్‌పుట్ నుంచి ఇంటర్‌ఫేస్ 3వ ఇన్‌పుట్‌కి వేస్తాను. రెండు వైపులా బ్యాలన్స్‌డ్ (దారిలో చేరే రొదను రద్దు చేసే కనెక్షన్) అయితే టీఆర్‌ఎస్ (మూడు భాగాల ప్లగ్ ఉన్న) కేబుళ్లే వాడండి, హమ్ (గుమ్మనే కరెంటు రొద) చాలావరకు తగ్గుతుంది. తిరిగొచ్చే సిగ్నల్‌ని మైక్ ప్రీయాంప్‌లోకి (మైక్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచే భాగంలోకి) పంపొద్దు. తప్పక ఎక్స్‌ఎల్‌ఆర్‌లోకే (మూడు పిన్నుల మైక్ జాక్‌లోకే) పెట్టాల్సి వస్తే 48 వోల్టుల ఫాంటమ్ (మైక్‌కి ఇంటర్‌ఫేస్ పంపే కరెంటు) ఆఫ్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి.

తర్వాత లెవెల్, అంటే సిగ్నల్ బలం. దాన్ని డీబీల్లో కొలుస్తారు. స్టూడియో పరికరాలు +4 డీబీయూ దగ్గర, అంటే సుమారు 1.23 వోల్టుల దగ్గర పనిచేస్తాయి. ఇంట్లో వాడే పాత పరికరాలు చాలావరకు −10 డీబీవీ, సుమారు 0.32 వోల్టులు. రెంటికీ తేడా దాదాపు 12 డీబీ. పరికరం వెనక దీనికి స్విచ్ ఉంటే సరిగ్గా పెట్టండి. నేనైతే చెవిని నమ్మను. కంప్రెసర్‌ని బైపాస్‌లో (సిగ్నల్‌ని మార్చకుండా వదిలే స్థితిలో) పెట్టి, 1 కిలోహెర్ట్జ్ టోన్‌ని −18 డీబీఎఫ్‌ఎస్ (డిజిటల్ గరిష్ఠాన్ని 0గా పెట్టుకుని కొలిచే స్కేలు) దగ్గర పంపి, తిరిగొచ్చేది కూడా −18 చూపించేదాకా సర్దుతాను. లేకపోతే కొంచెం గట్టిగా వినిపించినదే బాగుందని మనసు నమ్మేస్తుంది.

గిటార్ పెడల్ సంగతి వేరు. అది గిటార్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్ కోసం తయారైంది. లైన్ ఔట్‌పుట్ నేరుగా పెడితే ఓవర్‌లోడ్ అవుతుంది. మధ్యలో రీయాంప్ బాక్స్ (లైన్ సిగ్నల్‌ని గిటార్ సిగ్నల్ స్థాయికి తగ్గించేది) పెట్టండి.

ఇక సాఫ్ట్‌వేర్. బయటి పెట్టెని ట్రాక్‌కి కలిపే సాధనానికి ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో పేరు వేరు, పని ఒకటే. రీపర్‌లో రియాఇన్సర్ట్, లాజిక్‌లో ఐ/ఓ ప్లగిన్, ఏబుల్టన్ లైవ్‌లో ఎక్స్‌టర్నల్ ఆడియో ఎఫెక్ట్, క్యూబేస్ ప్రోలో ఆడియో కనెక్షన్స్ విండోలో ఎక్స్‌టర్నల్ ఎఫ్ఎక్స్. ట్రాక్ మీద దాన్ని ఇన్సర్ట్‌గా (ట్రాక్ సౌండంతా దాని గుండా వెళ్లేలా) పెట్టి, ఔట్‌పుట్ 3, ఇన్‌పుట్ 3 ఎంచుకోండి. ఇంటర్‌ఫేస్‌తో వచ్చే మిక్సర్ యాప్‌లో డైరెక్ట్ మానిటరింగ్ (ఇన్‌పుట్‌ని సాఫ్ట్‌వేర్ గుండా కాకుండా నేరుగా వినిపించడం) ఆన్‌లో ఉంటే 3వ ఇన్‌పుట్‌ని మ్యూట్ చేయండి. అదే ఇన్‌పుట్ ఏ దారిన అయినా 3వ ఔట్‌పుట్‌కి తిరిగి వెళ్లిందంటే సిగ్నల్ చక్రంలా తిరుగుతూ పెద్దగా ఊళ పెడుతుంది. ఒకసారి హెడ్‌ఫోన్లలో నాకు ఆ ఊళ వినిపించింది. అప్పటి నుంచి మొదటిసారి ప్లే నొక్కేటప్పుడు హెడ్‌ఫోన్లు మెడ మీదే ఉంటాయి.

ఇప్పుడు ఆ రేకు డబ్బా కథ. సిగ్నల్ బయటికెళ్లి తిరిగి రావడానికి టైం పడుతుంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకి 44,100 శాంపిళ్లు) 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే ఆడియో ముక్క) అంటే 2.9 మిల్లీసెకన్లు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, దానికి తోడు కన్వర్టర్ల (సిగ్నల్‌ని అంకెలుగా, అంకెల్ని సిగ్నల్‌గా మార్చే భాగాల) ఆలస్యం. సాఫ్ట్‌వేర్ చాలావరకు సర్దుతుంది కానీ కొంత మిగలొచ్చు. నేను అదే గొంతుని మామూలు ట్రాక్‌లో ఉంచి, దాని కాపీని కంప్రెసర్ గుండా పంపి రెండూ కలిపాను. రెంటి మధ్య ఒక్క మిల్లీసెకను తేడా ఉన్నా 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతు పల్చబడక ఏం చేస్తుంది?

మందు పింగ్ బటన్. లాజిక్, రీపర్ లాంటి వాటిలో ఉంటుంది: ఒక క్లిక్ పంపి, అది తిరిగొచ్చిన టైం కొలుస్తుంది. కొలిచేటప్పుడు పరికరం బైపాస్‌లో ఉండాలి. ఈ బటన్ లేని సాఫ్ట్‌వేర్‌లో ఒక క్లిక్‌ని బయటికి తిప్పి రికార్డు చేసి, రెండు వేవ్‌ఫామ్‌ల మధ్య శాంపిళ్లు లెక్కపెట్టి, ఆ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్‌లో చేత్తో రాయండి. బఫర్ గానీ శాంపిల్ రేటు గానీ మారిస్తే మళ్లీ కొలవాల్సిందే.

రివర్బ్ (గదిలో మారుమోగినట్టు వినిపించే) పెట్టె అయితే ఇన్సర్ట్ కాకుండా సెండ్ (ట్రాక్ కాపీని పక్కదారిన పంపే దారి) మీద వేసి, పెట్టెలో మిక్స్ నాబ్‌ని 100 శాతం వెట్‌లో (అసలు సౌండ్ లేకుండా ఎఫెక్ట్ మాత్రమే వచ్చేలా) పెట్టండి. అప్పుడు రెండో కాపీ గొడవే ఉండదు.

ఒక పెట్టె ఒకేసారి ఒక ట్రాక్‌కే పనిచేస్తుంది, ఎక్స్‌పోర్ట్ కూడా రియల్ టైంలోనే చేయాలి. అందుకే సౌండ్ నచ్చగానే దాన్ని కొత్త ట్రాక్‌లోకి రికార్డు చేసుకుని, నాబ్‌లని ఫోన్‌తో ఫొటో తీస్తాను. రికార్డయ్యాక పాత ట్రాక్‌ని మ్యూట్ చేయండి. కొత్త ట్రాక్ మీద అదే ఇన్సర్ట్ ఉండిపోయిందేమో కూడా చూడండి. ఒకసారి నేను మర్చిపోయి, కంప్రెస్ అయిన గొంతునే మళ్లీ కంప్రెస్ చేసి పంపేశాను.