పేరు కాదు, కార్ఖానా చూడాలె: రేసింగ్ టీము చరిత్ర చదివే పద్ధతి

ఫార్ములా వన్ చూసే పిల్లలు మా హన్మకొండ, కాజీపేట దిక్కు బాగనే ఎక్కువైన్రు. 2023 ఫిబ్రవరిల హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు రేసు కార్లు ఉరికినప్పటి నుంచి ఇంకా ఎక్కువైన్రు. మా అక్క కొడుకు కాజీపేటల మెకానికల్ చదువుతుండు. సీజన్ మొదలైతే చాలు, "మామా, ఈ టీము లేస్తదా, మునుగుతదా?" అని అడుగుతడు. డ్రైవరు పేరు చూసి జోస్యం చెప్పేటోళ్లు శానమంది ఉన్నరు. నేను ఆర్టీసీ గ్యారేజీల పనిచేసి రిటైరైన మనిషిని, నా తీరు వేరే. ఒక నోటుబుక్కు, నాలుగు సాయంత్రాలు ఉంటే మీరూ చేయొచ్చు. అన్ని టీములూ ఒక్కసారి పట్టుకోకండి, ఒక్కటి పట్టుకోండి. మన జెండా రంగులతోని తిరిగిన ఫోర్స్ ఇండియాను తీసుకుని చూపిస్త.

మొదలు అడ్రసు రాసుకోండి, పేరు తర్వాత. మా డిపో బస్సుల మీద ఏపీఎస్‌ఆర్టీసీ పోయి టీఎస్‌ఆర్టీసీ వచ్చింది, ఇప్పుడు టీజీఎస్‌ఆర్టీసీ అయింది. గ్యారేజీ అదే, స్పానరు పట్టిన చేతులు అవే. ఫోర్స్ ఇండియా అడ్రసు ఇంగ్లండ్‌ల సిల్వర్‌స్టోన్ ట్రాక్ ఎదురుంగ. ఆ అడ్రసు పట్టుకుని వెనక్కి పోతే 1991ల ఎడ్డీ జోర్డాన్ పెట్టిన జోర్డాన్ టీము తగుల్తది. 2005ల అది మిడ్‌ల్యాండ్ చేతికి పోయింది, 2007ల స్పైకర్, 2008ల ఫోర్స్ ఇండియా, 2018 నడుమ రేసింగ్ పాయింట్, 2021 నుంచి ఆస్టన్ మార్టిన్. పేజీ మీద ఒక నిలువు గీత గీసి ఈ పేర్లన్నీ ఏడాదులతోని వరుసగ రాయండి.

గీత గీసినంక కొన్ని సంగతులు వాటంతట అవే బయటపడతయి. షూమాకర్ మొట్టమొదటి ఫార్ములా వన్ రేసు 1991 ఆగస్టుల బెల్జియం స్పాల ఈ జోర్డాన్ కారుతోనే. అదే స్పాల 1998ల డేమన్ హిల్ ఈ టీముకు మొదటి గెలుపు తెచ్చిండు. మనోళ్లకు మాత్రం ఇంకోటి చెప్పాలె. విజయ్ మాల్యా కొని ఫోర్స్ ఇండియా అని పేరు పెట్టకముందే ఈ కార్ఖానాకు భారతదేశంతోని సంబంధం ఉంది. ఫార్ములా వన్‌ల మన మొదటి డ్రైవరు నరైన్ కార్తికేయన్ 2005ల నడిపింది జోర్డాన్ కారే. ఫోర్స్ ఇండియా అని పేరు పెట్టుకున్న పదేళ్లల్ల రేసుల ఒక్క భారతీయ డ్రైవరు కూడా నడపలే. పేరు చూసి మురిసినోళ్లకు ఈ సంగతి కనపడది, అడ్రసు చూసినోళ్లకు కనపడతది.

ఇగ రెండో పని, ఫలితాల పట్టిక. పాయింట్లు చూసి మోసపోవద్దు. ఫోర్స్ ఇండియాకు 2009ల 13 పాయింట్లు, 2010ల 68. ఐదింతలు బాగుపడ్డదని అనిపిస్తది. కాని 2010 నుంచి పాయింట్ల లెక్కనే మారింది, గెలిచినోనికి 10 పోయి 25 అయింది, ఎనిమిది మందికి ఇచ్చేది పది మందికి ఇచ్చిన్రు. సీజన్ ఆఖరుకు టీముల పట్టికల స్థానం చూస్తే తొమ్మిది నుంచి ఏడుకు వచ్చింది, గంతే. అందుకే నా నోటుబుక్కుల స్థానాలు పెద్దగ రాస్త, పాయింట్లు పక్కకు చిన్నగ రాస్త.

ఒక్క రేసు చూసి కూడా లెక్క కట్టొద్దు. 2009ల స్పాల ఫిసికెల్లా ఫోర్స్ ఇండియా కారుతోని స్టార్టు గీత దగ్గర అందరికంటె ముందు నిలబడ్డడు, రేసుల రైకొనెన్ వెనక ఒక సెకను లోపే రెండో స్థానం. అప్పటిదాక ఒక్క పాయింటు లేని టీము! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. కాని ఆ కారు పొడుగు సాపు రోడ్లున్న ట్రాకుల మీదనే ఉరికేది. స్పా తర్వాత మోంజాల సూటిల్ నాలుగో స్థానం తెచ్చిండు, మెలికలున్న ట్రాకు వస్తే వెనకబడేది. ఒక మంచి రేసు కనపడంగనే దాని పక్కన ఆ ట్రాకు ఎసొంటిదో రాయండి.

మూడోది మనుషులు. యజమానులను రెండు లైన్లల్ల ముగించండి, ఇంజినీర్లకు ఒక పేజీ ఇవ్వండి. ఆండీ గ్రీన్ అనే ఆయన 1991ల జోర్డాన్ మొదటి కారు చేసిన చిన్న బృందంల ఉన్నడు. నడుమల వేరే టీములకు పోయి, 2010ల మళ్లీ ఇదే గేటు లోపలికి వచ్చి, టెక్నికల్ డైరెక్టరై, ఆస్టన్ మార్టిన్ బోర్డు పడ్డంక కూడా ఉన్నడు. ఇసొంటి మనుషులు ఎంతమంది నిలబడ్డరో చూస్తే టీము లోపల ఏం దాగి ఉందో తెలుస్తది.

ఇది నిజమని చూపెట్టింది 2018. ఆ ఏడాదిని మాత్రం నిమ్మళంగ చదవాలె. 2016, 2017 రెండేళ్లు ఈ టీము నాలుగో స్థానంల ఉంది, తనకంటె ఎక్కువ పైసలున్న టీములను వెనకేసి. గసొంటి టీముకే బాకీలు మీదపడ్డయి. జూలై 27న, హంగరీ రేసు వారంలనే, లండన్ కోర్టు టీమును అడ్మినిస్ట్రేటర్ల (బాకీల పాలైన కంపెనీని చూసుకునేటోళ్ల) చేతికిచ్చింది. ఆ కేసు వేసిన బాకీదారుల్ల సొంత డ్రైవరు పెరెజ్ కూడా ఉన్నడు. టీమును ఆగం చేయనీకి కాదు. ఆ దారి పట్టకుంటే ఇంకో బాకీదారు మొత్తానికే మూయించే ప్రమాదం ఉండె. నాలుగు వందలకు పైన మనుషుల నౌకర్లు దాని మీద ఉన్నయి. కెనడా కోటీశ్వరుడు లారెన్స్ స్ట్రోల్ బృందం టీమును కొన్నది. కొత్త ఎంట్రీ కింద లెక్క కాబట్టి అప్పటిదాక సంపాదించిన 59 పాయింట్లు గుండు సున్నా.

నెల తిరగకముందే, ఆగస్టు చివర్ల, మళ్లీ అదే స్పా. వానల క్వాలిఫైయింగ్ (రేసుల ఎవరు ఏ స్థానంల మొదలుపెట్టాలో తేల్చే పోటీ): ఒకాన్ మూడు, పెరెజ్ నాలుగు. రేసుల ఐదు, ఆరు స్థానాలు. కారు పేరు మాత్రం అప్పటికీ వీజేఎం11, మాల్యా కాలంల పెట్టిన పేరే. మార్చే టైము ఎవరికుంది! సీజన్ ఆఖరుకు కొత్త లెక్కల 52 పాయింట్లు, ఏడో స్థానం. 59, 52 కలపండి, 111 అయితది. ఐదో స్థానం వచ్చిన హాస్ టీముకు 93 ఉన్నయి. పట్టికల ఏడు అని ఉన్నా నా బుక్కుల ఐదు అనే రాసుకున్న. పైసలు ఆగినా పని ఆగని గ్యారేజీ అది. 2020 డిసెంబరుల సాఖిర్ రేసుల పెరెజ్ మొదటి ల్యాపు ఆఖరుకు అందరికంటె వెనకబడి, ఆఖరికి గెలిచిండు. ఆ గెలుపు వేర్లు 2018 జూలై, ఆగస్టుల ఉన్నయని నేను నమ్ముత.

చరిత్ర అయినంక ముందు సంగతి. దీనికి మూడు ప్రశ్నలు చాలు: సొంత సామానుందా, నియమాలు ఎటు మొగ్గుతున్నయి, ఇంజను ఎవరిది.

సామాను: ఈ టీము శాన ఏండ్లు విండ్ టన్నెల్ (కారు మీద గాలి వదిలి పరీక్షించే సొరంగం) కిరాయికి తీసుకుంది. మొదట జర్మనీల టొయోటాది, తర్వాత మెర్సిడెస్‌ది. ఇప్పుడు సిల్వర్‌స్టోన్‌లనే కొత్త కార్ఖానా కట్టిన్రు, సొంత టన్నెల్ పెట్టిన్రు. 2025 మార్చిల కార్ల డిజైనరు అడ్రియన్ న్యూయీ చేరిండు. విలియమ్స్, మెక్‌లారెన్, రెడ్‌బుల్ మూడింటికీ టైటిల్ కార్లు చేసిన మనిషి.

నియమాలు: 2021 నుంచి ఖర్చుకు హద్దు పెట్టిన్రు. టన్నెల్ టైము కూడా స్థానాన్ని బట్టే ఇస్తరు. మొదటి టీముకు 70 శాతం, ఒక్కో మెట్టు దిగితే ఐదు శాతం ఎక్కువ. 2025ల ఏడో స్థానంల ఆగింది కాబట్టి ఆస్టన్ మార్టిన్‌కు మొదటి టీము కంటె ఎక్కువ టైము దొరుకుతది. 2023ల ఈ టీము డ్రైవరు అలొన్సో ఎనిమిదిసార్లు పోడియం (మొదటి ముగ్గురు నిలబడే మెట్లు) ఎక్కినా కూడా కారు ఎట్ల దిగజారిందో చూసినోళ్లకు ఈ టైము విలువ ఎరుకనే.

ఇంజను దగ్గర ఆగి ఆలోచించాలె. 2026 నుంచి కొత్త నియమాలు, శక్తిల దాదాపు సగం కరెంటు నుంచే రావాలె. ఆస్టన్ మార్టిన్ మెర్సిడెస్‌ను వదిలి హోండాతోని పోయింది. హోండా చరిత్ర కూడా ఇదే పద్ధతిల తీయండి: 2015ల మెక్‌లారెన్‌తోని మళ్లీ వచ్చి మస్తు గోస పడ్డది, 2019ల రెడ్‌బుల్‌తోని గెలిచింది, 2021ల వెర్‌స్టాపెన్‌కు టైటిల్ తెచ్చింది. మళ్లీ వచ్చిన నాటి నుంచి గెలుపుకు నాలుగేండ్లు. కాబట్టి కొత్త ఇంజను మొదటి ఏడాది ఫలితం చూసి టీమును తీసిపారేయకండి. ఇంజను చెడి ఎన్ని కార్లు నడుమల ఆగినయో మాత్రం ప్రతి రేసుకూ లెక్కపెట్టండి.

ఆఖరుకు మీ అంచనాను తారీఖు వేసి పెన్నుతోని రాయండి, పెన్సిలుతోని కాదు. నేను ఈ పేజీ కింద రాసింది: 2027 సీజన్ అయ్యే నాటికి మొదటి నాలుగు స్థానాలల్ల. మా అల్లుడు ఒప్పుకోలే, పక్కనే ఆరు అని రాసి సంతకం పెట్టిండు. 2027 సగానికి కూడా ఇంజను చెడి ఆగే కార్లు తగ్గకుంటే, నా నాలుగును కొట్టేసి వాని ఆరు కింద నేనూ సంతకం పెడత.