జుట్టు రాలుతోందా? నూనె మార్చే ముందు ఇవి చూసుకోండి

జుట్టు రాలడం మొదలవగానే అందరం చేసే పని షాంపూ మార్చడం. అది తర్వాత చూద్దాం. ముందు రాలిన వెంట్రుక ఒకటి తీసుకుని వెలుతురులో పెట్టి చూడండి. ఒక చివర తెల్లటి చిన్న బుడిపె ఉంటే అది మూలం నుంచి ఊడింది. అలాగని కుదురే పోయిందని కంగారు పడకండి, ఆయుష్షు తీరిన వెంట్రుక అలాగే ఊడుతుంది. బుడిపె లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగిందన్నమాట. రంగులు, స్ట్రెయిటెనింగ్, తడి జుట్టును బరబరా దువ్వడం దీనికి కారణాలు. వాటిని ఆపితే చాలు, మాత్రలు అక్కర్లేదు. ఇక రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు అందరికీ రాలతాయి, మూడు రోజులకోసారి తలస్నానం చేసేవాళ్లకు అవన్నీ ఒకేసారి కనిపించి గుండె గుభేలుమంటుంది.

సమస్య: తలంతా ఒకేసారి, దువ్వెన నిండా

నిన్న మొన్న ఏం తిన్నారో కాదు, రెండు మూడు నెలల కిందట ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పెద్ద జ్వరం, ఆపరేషన్, ప్రసవం, తిండి బాగా తగ్గించి బరువు తగ్గడం, తట్టుకోలేనంత టెన్షన్, కొత్తగా మొదలుపెట్టిన మందు. ఒంటికి అలాంటి దెబ్బ తగిలినప్పుడు చాలా వెంట్రుకలు ఎదగడం మానేసి ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్తాయి, కానీ రాలడానికి అంత సమయం పడుతుంది కాబట్టి మనం పాపం నిన్న వాడిన షాంపూని తిడతాం.

కారణం తొలగిపోతే చాలామందిలో ఇది ఆరు నెలల లోపు దానంతటదే తగ్గుతుంది. పాపిడి దగ్గర, నుదుటి మీద నిక్కబొడుచుకున్న చిన్న వెంట్రుకలు వస్తున్నాయంటే దారిలో పడ్డట్టే. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి పాత ఒత్తు కనిపించడానికి ఇంకా చాలా టైమ్ పడుతుంది. ఎంతకీ తగ్గకపోతే డాక్టరును అడిగి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఐరన్ తక్కువుంటేనే ఐరన్ వేసుకోవాలి. విటమిన్ ఎ మోతాదు మించితే దానివల్లే జుట్టు రాలుతుంది! అందరూ మింగే బయోటిన్ అనే విటమిన్ కూడా, లోపం లేనివాళ్లకు పెద్దగా ఉపయోగపడదు, పైగా ఎక్కువ మోతాదులో వాడుతుంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. పరీక్షకు రక్తం ఇచ్చే ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

సమస్య: రాలుతున్నట్టే ఉండదు, కానీ పల్చబడుతోంది

మగవాళ్లకు కణతల దగ్గర, నడినెత్తిన. ఆడవాళ్లకు పాపిడి వెడల్పవుతుంది. ఇది వంశపారంపర్యం, అమ్మ వైపు నుంచే కాదు నాన్న వైపు నుంచీ వస్తుంది. మగవాళ్లలో డీహెచ్‌టీ అనే హార్మోన్ ప్రభావంతో కుదుళ్లు చిన్నవవుతూ ఏటికేడు సన్నటి వెంట్రుకల్నే ఇస్తాయి. నూనె ఎంత మర్దన చేసినా ఆ పని ఆగదు.

రుజువున్న మందుల్లో మొదటిది తలకు రాసే మినాక్సిడిల్. మొదటి కొన్ని వారాల్లో రాలడం ఇంకా ఎక్కువ కావచ్చు, సరిగ్గా అక్కడే చాలామంది భయపడి ఆపేస్తారు. పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటిస్తున్నాయంతే. ఫలితం తెలియాలంటే కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు క్రమం తప్పకుండా రాయాలి, మానేస్తే వచ్చిందంతా కొన్ని నెలల్లో పోతుంది. ఇంత ఓపిక లేదనుకుంటే మొదలుపెట్టకపోవడమే నయం. మగవాళ్లకు ఇచ్చే ఫినాస్టెరైడ్ మాత్ర డీహెచ్‌టీని తగ్గిస్తుంది, కానీ కొందరికి లైంగిక ఇబ్బందులు, దిగులు రావచ్చు కాబట్టి డాక్టరుతో మాట్లాడే వాడాలి. గర్భిణులు ఈ మాత్ర పొడిని ముట్టుకోకూడదు, మినాక్సిడిల్ కూడా వాడకూడదు. ఆడవాళ్లకు నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో చూపించుకోండి.

సమస్య: నాణెమంత గుండ్రటి ఖాళీ

అక్కడ చర్మం నున్నగా, పొట్టు లేకుండా ఉంటే అది పేనుకొరుకుడు. పేల మందు పెట్టి లాభం లేదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద దాడి చేస్తోంది. చిన్న మచ్చలు చాలావరకు ఏడాదిలోపు వాటంతటవే నిండుతాయి, లేదంటే అక్కడ స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అదే చోట పొట్టు, దురద, విరిగిన వెంట్రుకల మొదళ్లు ఉంటే, అందులోనూ పిల్లలకైతే, తామర అయ్యుండొచ్చు. పైపూత కుదురు లోపలికి చేరదు కాబట్టి మాత్రలు తప్పవు.

సమస్య: నుదుటి అంచు వెనక్కి జరుగుతోంది

రోజూ బిగించి జడ వేసుకుంటున్నారా? వదులు చేయండి. ఏళ్ల తరబడి లాగితే మాత్రం తిరిగి రాకపోవచ్చు.

సమస్య: మంట, నొప్పి, చీము, మెరిసే చర్మం

వెంట్రుకలు ఊడిన చోట రంధ్రాలే కనిపించకుండా చర్మం గాజులా మెరుస్తుంటే కుదుళ్లు మచ్చకట్టి పోతున్నాయని అనుమానించాలి. ఈ వారమే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. అవసరమైతే మాడు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఇక్కడ మందు వాడేది మిగిలిన జుట్టును కాపాడుకోవడానికే, పోయిన చోట మళ్లీ మొలవదు.