కొత్త కోచ్, వరస ఓటములు: ఆ సీజన్‌ని ఎలా చూడాలి

మీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌కి కొత్త కోచ్ వచ్చాడు, వారం వారం ఓడిపోతున్నారు, వాట్సాప్ గ్రూపులో అప్పుడే "వీణ్ణి పీకేయాలి" అని మొదలైంది (నేను చెప్పేది అమెరికన్ ఫుట్‌బాల్ గురించే). ఆ గొడవలో దూరే ముందు ఒక కాగితం తీసుకుని, ఒక్కో మ్యాచ్ ఏ క్వార్టర్‌లో (మ్యాచ్‌లోని నాలుగు భాగాల్లో ఏ భాగంలో) చేజారిందో రాసుకోండి. రెగ్యులర్ సీజన్‌లో ఉండేవే 12 మ్యాచ్‌లు, పెద్ద పనేం కాదు.

2021 టెక్సస్ టీమ్‌నే తీసుకోండి. కోచ్‌గా స్టీవ్ సార్కీసియన్ మొదటి ఏడాది, 4-1తో (నాలుగు గెలుపులు, ఒక ఓటమి) బాగానే మొదలుపెట్టి తర్వాత వరసగా ఆరు ఓడి, చివరికి 5-7. డాలస్‌లో ఓక్లహోమా మీద మొదటి క్వార్టర్‌కే 28-7 ఆధిక్యంలో ఉండి 55-48తో ఓడారు, తర్వాతి రెండు మ్యాచ్‌ల్లోనూ పది పాయింట్లకు పైగా ముందుండి చేజార్చుకున్నారు. అంటే ప్లాన్ పనిచేస్తోంది, చివరిదాకా నిలబడే బలం లేదు. ఆ తర్వాత సొంత ఊరు ఆస్టిన్‌లోనే కాన్సస్ చేతిలో ఓటమి, 2008 తర్వాత బిగ్ 12లో (అప్పట్లో ఈ రెండు టీమ్‌లూ ఉన్న లీగ్) బయటి మైదానంలో ఒక్కటీ గెలవని టీమ్ అది! ఓవర్‌టైమ్‌లో స్కోర్ చేశాక కాన్సస్, తేలికైన కిక్‌తో ఒక్క పాయింటు తెచ్చుకుని సమం చేసే అవకాశం వదిలేసి, గెలుపు కోసం కష్టమైన రెండు పాయింట్ల ప్రయత్నానికి వెళ్లింది, స్కాలర్‌షిప్ కూడా లేని కాన్సస్ ఆటగాడు జేరెడ్ కేసీ బంతి పట్టుకున్నాడు, 57-56. ఆ రాత్రి కోచ్‌ని తిట్టని టెక్సస్ అభిమాని ఉండి ఉండడు.

రెండో పని డిసెంబర్, జనవరిలో. ఏ ఆటగాళ్లు వెళ్లిపోతున్నారు, ఎవరు వస్తున్నారు అనేది చూడండి, అందులోనూ స్టార్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) కంటే ముందు అతన్ని కాపాడే అఫెన్సివ్ లైన్‌ని చూడండి, నా లెక్కలో సగం జవాబు అక్కడే ఉంటుంది. టెక్సస్‌కి ఒహాయో స్టేట్ నుంచి క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఎవర్స్ వచ్చాడని అందరూ సంబరపడ్డారు గానీ, కెల్విన్ బ్యాంక్స్ లాంటి లైన్‌మెన్ రావడం కూడా అంతే పెద్ద విషయం. 2022లో 8-5, 2023లో 12-2, జాతీయ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్‌లో చోటు.

అలాగని "కొద్దిలో ఓడాం, వచ్చే ఏడాది మనదే" అని మురిసిపోకండి. నెబ్రాస్కా అలాగే ఎదురుచూసింది. స్కాట్ ఫ్రాస్ట్ అక్కడి పాత క్వార్టర్‌బ్యాకే, 2018లో కోచ్‌గా వస్తూనే ఆరు ఓడి 4-8తో ముగించాడు, ఓపిక పట్టారు. 2021లో 3-9, ఆ తొమ్మిదీ పది పాయింట్లలోపు తేడాతోనే! 2022లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద 28-17 ఆధిక్యంలో ఉండి, అవసరం లేని ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ మనకే దక్కాలని దగ్గరగా కొట్టే కిక్) కొట్టించి మ్యాచ్ చేజార్చాడు. సెప్టెంబర్‌లో తీసేశారు. మొదటి ఏడాది తప్పు మూడో ఏడాది కూడా మీ కాగితం మీద కనిపిస్తే అది ఆటగాళ్ల తప్పు కాదు, కోచ్‌దే.

టికెట్ల సంగతి వేరు. ఓడే టీమ్‌కి నవంబర్‌లో రీసేల్ ధరలు మామూలుగా పడిపోతాయి, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే స్టేడియం చూపించడానికి అదే మంచి టైమ్, వాళ్లకి మందం జాకెట్లు మాత్రం మర్చిపోకండి.