నాన్న పోయాక – 3వ పాఠం: ఇది ఏడుపా, పాత జబ్బా?

పోయిన పాఠంలో ఛాతీ బిగిసినప్పుడు నాలుగు లెక్కపెట్టి ఊపిరి పీల్చి ఆరు లెక్కపెట్టి వదలడం నేర్చుకున్నాం కదా, అది వారం చేసినవాళ్ళే ఇది మొదలుపెట్టండి, మిగతావాళ్ళు ముందు అది కానివ్వండి, తొందరేం లేదు.

ఈసారి పని ఒక్కటే. మీ పాత డిప్రెషన్ ఏ పనుల దగ్గర మొదలైందో గుర్తు తెచ్చుకుని కాగితం మీద పెట్టడం.

నెట్‌లో దొరికే డిప్రెషన్ లక్షణాల లిస్టు దీనికి పనికిరాదు. నిద్ర పట్టదు, తిండి సయించదు, ఏడుపు, ధ్యాస నిలవదు... పెద్దకర్మ కూడా అవ్వని ఇంట్లో ఇవి ఎవరికుండవు చెప్పండి? కానీ ఒకసారి ఆ జబ్బు పడి లేచినవాళ్ళం కదా, లిస్టు చూడగానే "అయిపోయింది, మళ్ళీ వచ్చేసింది" అనుకుంటాం, ఆ భయానికి గుండెదడ, దడకి నిద్ర పట్టకపోవడం, నిద్ర పట్టలేదని మళ్ళీ భయం. నేనైతే మూడో వారంలో రాత్రి రెండింటికి ఫోన్లో పీహెచ్‌క్యూ-9 అని, డిప్రెషన్ ఎంతుందో చూసే టెస్టు వరసగా నాలుగు రోజులు చేసుకున్నా. అందులో తొమ్మిది ప్రశ్నలు, 27కి స్కోరు, అడిగేది గత రెండు వారాల సంగతి. దాన్ని రోజూ రాత్రి రెండింటికి చేస్తే ఏం వస్తుంది, నా భయానికే మార్కులేసుకున్నట్టు.

నా కాగితం చూపిస్తా. 2019లో నాకది ఏడుపుతో రాలేదు. ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి పులిసి గిన్నె మూత పైకి లేచినా పారబొయ్యలేదు. పళ్ళు తోముకోవడం మధ్యాహ్నానికి జరిగింది. చెల్లి ఫోన్ చేస్తే సైలెంట్‌లో పెట్టి, వెలిగే స్క్రీన్‌ని ఆరిపోయేదాకా చూస్తూ కూర్చునేవాణ్ణి. తెల్లారుజామున నాలుగింటికి మెలకువ, లేవగానే నేనెందుకూ పనికిరానన్న మాట.

ఇప్పుడు? మేకుకి వేలాడుతున్న నాన్న టీవీఎస్ ఎక్సెల్ తాళం చూసి వెక్కి వెక్కి ఏడ్చా, కాసేపటికి బాబాయి వచ్చి ఆ బండి మీద నాన్న రెండు బూడిద గుమ్మడికాయలు తెస్తూ చెరువుగట్టు మీద పడ్డ కథ చెబితే నవ్వా. నవ్వినందుకు సిగ్గేసింది, అది వేరే సంగతి. 2019లో బాబాయి కాదు కదా ఎవరి మాటా నాలోపలికి దిగలేదు, తిట్లన్నీ నన్ను నేనే తిట్టుకోవడం. ఈ తేడా పట్టుకోండి. రెండూ కలిసి కూడా రావచ్చు, అందుకే కాగితం.

మధ్యలో గీత గీయండి. ఎడమవైపు పాత గుర్తులు ఐదు, కంటికి కనపడేవే. "మనసు బాలేదు" అని రాస్తే లెక్కకి రాదు, "స్నానం చెయ్యలేదు" అంటే వస్తుంది. గుర్తు రాకపోతే అప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళని అడగండి, మనకన్నా వాళ్ళకే బాగా తెలుసు. కుడివైపు తేదీలు. రోజూ సాయంత్రం ఆరింటికి ఒక్కసారి, ఆ రోజు కనపడిన గుర్తులకి టిక్కులు పెట్టి మూసేయండి. మధ్యలో భయమేస్తే "ఆరింటికి చూద్దాంలే" అని పైకే అనండి, మొదట్లో వెర్రిగా ఉంటుంది, అనండి.

రెండు వారాల్లో ఎక్కువ రోజులు మూడేసి టిక్కులు పడితే డాక్టర్ దగ్గరికెళ్ళాలి. "సంవత్సరీకం అయితే అన్నీ సర్దుకుంటాయి" అనే పెద్దమ్మ ప్రతి ఇంట్లో ఉంటుంది, వినకండి. డిప్రెషన్‌కి మాత్రలు వాడేవాళ్ళు కర్మల హడావిడిలో ఆపేయొద్దు, నేను మూడు రోజులు మర్చిపోయి, తల తిరిగి, అందరి మీదా చిరాకు పడి, దాన్నే జబ్బు తిరగబెట్టిందనుకున్నా.

చచ్చిపోవాలనిపిస్తే, "నాన్న దగ్గరికి పోతే బావుండు" అనిపించినా సరే, టిక్కుల లెక్క వద్దు, రెండు వారాలు ఆగొద్దు. పక్కనున్నవాళ్ళకి అప్పుడే చెప్పి ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బులక్కర్లేదు, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాలుగో పాఠం మాసికం రోజు గురించి. ఆ లోపు ఏడు రోజుల కాగితం దగ్గర పెట్టుకోండి, మధ్యలో ఖాళీ గళ్ళున్నా పర్లేదు.