డిజిటల్ గౌనుకు పక్క కుట్టు కుచ్చులు సహజంగా తేవడం ఎలా?

సాదా బాడీస్ (గౌనులో ఒంటికి పట్టే పై భాగం) కుట్టేసి, దానిపై బ్రష్‌తో ముడతలు గీసి, కుచ్చులు పెట్టామనుకునేవారు చాలామంది. ఎదురుగా చూస్తే బాగానే ఉంటుంది. అవతార్ (గౌను తొడిగిన తెరమీది మనిషి బొమ్మ) చేయి ఎత్తితే మాత్రం ఆ గీతలు ఉన్నచోటే ఉండిపోతాయి. కుచ్చు అంటే అదనపు బట్ట. ప్యాటర్న్‌లో, అంటే కత్తిరింపు నమూనాలో, లేని బట్ట తెరమీదికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఎడమ పక్కన కుచ్చులున్న బిగుతు గౌను ముందు భాగాన్ని తీసుకుందాం. దుస్తులను తెరమీద త్రీడీలో కుట్టే సాఫ్ట్‌వేర్లు క్లో త్రీడీలోనైనా మార్వెలస్ డిజైనర్‌లోనైనా పద్ధతి ఒకటే. అవతార్, దానికి సరిపోయే బాడీస్, పల్చటి సిల్కు ప్రీసెట్ (సాఫ్ట్‌వేర్‌లో ముందే అమర్చి ఉన్న బట్ట గుణాలు) ఉంటే చాలు.

ముందు భాగం ముక్కకు నకలు తీయండి. అసలుది లైనింగ్, దాని కొలత మార్చకండి. నకలు పై బట్ట అవుతుంది. దానిపై ఎడమ నుంచి కుడికి ఆరేడు కోతలు పెట్టి, కుడి అంచును కదలనివ్వకుండా ఎడమ వైపు విసనకర్రలా విప్పండి. లైనింగ్ పక్క కుట్టు 36 సెంటీమీటర్లుంటే పై బట్టది 58 కావాలి. మొత్తం మీద ఒకటిన్నర రెట్లకు తగ్గితే అది కుచ్చులా కాదు, కొలత తప్పిన బట్టలా కనిపిస్తుంది. పై బట్ట నేత దిశను 45 డిగ్రీలు తిప్పండి. మన టైలర్లు క్రాస్ కటింగ్ అనేది ఇదే. పారిస్‌లో మాడెలీన్ వియోనే 1920లలోనే ఈ క్రాస్‌తో గౌన్లను ఒంటిమీద జారేలా చేసి పేరు తెచ్చుకుంది. నిలువు నేత మీద మడత బిగుసుకుంటుంది, క్రాస్ మీద మెత్తగా వంగుతుంది.

అసలు కష్టం కుట్టు దగ్గరే. 58 సెంటీమీటర్ల అంచును 36కు ఒకే కుట్టుగా కలిపితే సాఫ్ట్‌వేర్ ఆ అదనాన్ని పైనుంచి కిందికి సమానంగా పంచేస్తుంది. అన్నీ ఒకే మందం, ఒకే ఎడం. చేత్తో కుచ్చు లాగిన బట్ట ఎప్పుడూ అలా ఉండదు. అందుకే రెండు అంచులపైనా బిందువులు పెట్టి మూడు భాగాలు చేయండి. లైనింగ్ మీద 12, 12, 12. పై బట్ట మీద 16, 26, 16. ఏ భాగాన్ని ఆ భాగం జంటకే కుట్టండి. నడుము దగ్గర బట్ట చిక్కగా చేరి, పైకీ కిందికీ పలచబడుతుంది. కుట్టు దిశ ఒక్కచోట తిరగబడినా బట్ట మెలిపడుతుంది కాబట్టి సిమ్యులేషన్‌కు (బట్ట ఒంటిమీద ఎలా పడుతుందో సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి చూపడానికి) ముందు కుట్టు గీతలు అడ్డంగా దాటుకోవడం లేదని చూసుకోండి.

ఏ పొర పైన ఉండాలో చెప్పే లేయర్ సంఖ్యను పై బట్టకు 1, లైనింగ్‌కు 0 ఇవ్వండి. తెరమీద బట్ట చిన్న త్రిభుజాల వల, అంటే మెష్; ఆ వల బిందువుల మధ్య ఎడమే పార్టికల్ డిస్టెన్స్. దాన్ని మొదట్లోనే 5కు దించడం అందరూ చేసే తప్పు. అప్పుడు రెండు పొరలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని చిక్కుపడతాయి, కంప్యూటర్ కూడా మొరాయిస్తుంది. 20 దగ్గర మొదలుపెట్టి బట్ట కదలిక ఆగేదాకా వేచి ఉండండి. పొరలు కుదురుకున్నాక లేయర్‌ను 0కు తెచ్చి, పార్టికల్ డిస్టెన్స్ 10కి, ఆ తర్వాత 5కు తగ్గించండి. మెష్ త్రిభుజం కన్నా సన్నటి మడత అసలు పుట్టదు కాబట్టి చివరిదాకా 20లోనే ఉంచినా కుదరదు. 10 దగ్గర ఉన్నప్పుడు లైనింగ్‌ను ఫ్రీజ్ చేసి (కదలకుండా ఆపి), సిమ్యులేషన్ నడుస్తుండగా పై బట్టను మౌస్‌తో కుడివైపుకు కొద్దిగా లాగి వదలండి. కుట్టును పట్టుకుని లాగకండి. బట్ట మధ్యలో పట్టుకోవాలి.

కుట్టును రబ్బరులా ముడిచే ఎలాస్టిక్ ఆప్షన్‌తో పని తేలికవుతుందని కొందరు అంటారు. చేతి అంచుకు అది సరే. ఇక్కడ వాడితే పక్క కుట్టుతోపాటు లైనింగ్ కూడా ముడుచుకుని, గౌను అంచు ఎడమ వైపు పైకి లేస్తుంది.

మడతలు మరీ సన్నగా, ఎక్కువగా వస్తే బెండింగ్ విలువ (బట్ట వంగకుండా నిలిచే బిరుసు) కాస్త పెంచండి. లావుగా, తక్కువగా వస్తే తగ్గించండి. చివరగా వెలుతురును పక్క నుంచి వేసి అవతార్‌ను తిప్పి చూడండి. ప్రతి మడతా ఎడమ కుట్టులో పుట్టి, కుడివైపుకు పోతూ కరిగిపోవాలి. ఏదైనా మధ్యలో మొదలై మధ్యలోనే ఆగితే, బ్రష్ పట్టకుండా ఆ భాగం కొలతలను మళ్లీ సరిచూడండి.