విషయసూచికను స్పష్టంగా కూర్చడం

విశాఖపట్నం చరిత్రపై పుస్తకం రాస్తున్నారనుకుందాం. ఒక అధ్యాయానికి "ఓడరేవు" అని మాత్రమే పేరు పెట్టి ఊరుకోక, "1933లో ఓడరేవు ప్రారంభం" అని పెడితే, పాఠకుడు సూచిక చూడగానే తనకు కావలసిన చోటును గుర్తిస్తాడు. వర్డ్‌లో అధ్యాయాల పేర్లకు "హెడింగ్ 1", ఉపశీర్షికలకు "హెడింగ్ 2" స్టైల్ ఇచ్చి, రిఫరెన్సెస్ ట్యాబ్‌లోని "టేబుల్ ఆఫ్ కంటెంట్స్" ఎంచుకుంటే, పేజీ నంబర్లతో సహా సూచిక తయారవుతుంది. ఆ నంబర్లను చేత్తో టైపు చేయమని నేను ఎవరికీ చెప్పను. సింహాచలం అధ్యాయంలో పేజీ నిండా ఒక ఫొటో చేరిస్తే చాలు, ఆ తర్వాతి అంకెలన్నీ తప్పుతాయి. అచ్చుకు పంపే ముందు సూచికపై రైట్ క్లిక్ చేసి, "అప్‌డేట్ ఫీల్డ్"లో "అప్‌డేట్ ఎంటైర్ టేబుల్" ఎంచుకోవాలి. పేజీ నంబర్లను మాత్రమే మారిస్తే, మీరు సవరించిన శీర్షికలు సూచికలో పాత రూపంలోనే మిగిలిపోతాయి.