అమ్మానాన్నల మతిమరుపు ఇంట్లో ఎలా కనిపెట్టాలి? ఇద్దర్నీ ఒకేలా చూస్తే మాత్రం దొరకదు

మా ఇంట్లో ముందు బయటపడింది అమ్మ సంగతి, అదీ ఆవకాయ దగ్గర. నలభై ఏళ్లుగా కంటి కొలతతో కలిపే మనిషి, పోయినేడు బేసిన్ ముందు కూర్చుని "ఉప్పు వేశానా ఇందాక?" అని మూడుసార్లు అడిగింది, మేం నవ్వేశాం. అసలు నాన్నకి అప్పటికే రెండేళ్లుగా తేడాగా ఉందంట, మాకెవరికీ తెలీదు, ఎందుకంటే చుట్టాలొస్తే పేర్లు అందించేది అమ్మే, మాత్రలు చేతిలో పెట్టేదీ అమ్మే. అమ్మ మర్చిపోవడం మొదలయ్యాక నాన్నది కూడా బయటికొచ్చింది.

అందుకే మొదటి పని, ఇద్దర్నీ విడివిడిగా చూడండి. అమ్మని రెండ్రోజులు పిన్ని వాళ్లింటికి పంపించి నాన్న దగ్గర మీరుండండి, ఏమీ అందించకండి. బట్టలు తనే తీసుకుంటున్నారా, పొద్దుటి మాత్ర గుర్తుందా, గ్యాస్ బుక్ చేయమంటే ఏం చేస్తున్నారు, చూస్తే చాలు. అడిగితే మాత్రం "నాకేం బానే ఉన్నా" అని కోప్పడతారు, మా నాన్నయితే రెండ్రోజులు మాట్లాడలేదు.

రెండోది, ఒక కాగితం మీద ఐదేళ్ల కింద ఎవరు ఏ పని చేసేవాళ్లో రాయండి, పక్కనే ఇప్పుడు ఎలా చేస్తున్నారో రాయండి. ఎప్పుడూ వంట చేయని నాన్నకి వంట రాకపోతే అది జబ్బు కాదు కదా, బ్యాంకు మొహం చూడని అమ్మకి పాస్‌బుక్ అర్థం కాకపోయినా అంతే. 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు అమెరికాలో తయారుచేసిన రోజువారీ పనుల స్కేల్లో కూడా ఆడవాళ్లకి 8 మార్కులు, మగవాళ్లకి 5 మాత్రమే, వంట, ఇల్లు సర్దడం, బట్టలుతకడం మగవాళ్ల లెక్కలోంచి తీసేశారు. మన ఇళ్లల్లో ఆ గొడవ ఇంకా అలాగే ఉంది.

లాసి-డాడ్ అనే దేశవ్యాప్త సర్వే లెక్కల్లో మన దగ్గర 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు), అందులోనూ మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఎక్కువ కాలం బతకడం ఒక కారణం, చిన్నప్పుడు బడికి పంపకపోవడం ఇంకో కారణం. అందుకే చదువుకోని అమ్మని ఇంగ్లిష్ తారీకు, వందలోంచి ఏడు తీసివేతలు అడిగితే తప్పు చెప్తుంది, అది మతిమరుపని తేల్చేయకండి. ఒక చోట డాక్టర్ గారు అదే అడిగితే మా అమ్మ "నాకు లెక్కలు రావు బాబూ" అని తల దించుకుంది, నాకైతే ఒళ్లు మండింది. అమావాస్య ఎప్పుడొస్తుంది, నిన్న రాత్రి ఏం కూర, చిన్న మనవరాలు ఏం చదువుతోంది, ఇలా అడగండి.

మూడోది కాళ్లు. వయసు మీద పడితే మోకాళ్ల అరుగుదల, ఎముకలు గుల్లబారడం ఆడవాళ్లలోనే ఎక్కువ, దానివల్ల అసలు విషయం దాగిపోతుంది. అమ్మ గుడికి మానేసింది మోకాళ్ల వల్లా, దారి తికమకయ్యా? ఒకసారి వెంట నడిచి చూడండి, ముందు మీరు నడవకండి. ఇంట్లో అయితే కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి వెనక్కొచ్చి కూర్చోమనండి, 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే రిస్క్ ఉన్నట్టు, బాత్రూంలో పట్టుకునే రాడ్ వెంటనే బిగించండి. అమ్మకైనా నాన్నకైనా నడక ఉన్నట్టుండి మారినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా మర్నాటి దాకా ఆగకండి, అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

డాక్టర్ దగ్గరికి ఆ కాగితం, వాడే మాత్రలన్నీ (నిద్రమాత్రలు కూడా) తీసుకెళ్లండి. బీ12, థైరాయిడ్, షుగర్ టెస్టులు, వినికిడి, దిగులు, ఇవన్నీ చూడమని అడగండి, వీటివల్ల వచ్చే మతిమరుపు చాలావరకు తగ్గే రకం. ఎవర్ని అడగాలో తెలీకపోతే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఫ్రీ.

మా అమ్మకి బీ12 బాగా తక్కువని తేలింది, ఇంజక్షన్లు పడ్డాయి, కాస్త తేరుకుంది. నాన్నది అలా తేలే రకం కాదంట, మందులు నడుస్తున్నాయి. ఈ ఏడు ఆవకాయకి మాత్రం అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఉప్పు వేసినప్పుడల్లా గోడ మీద సుద్దముక్కతో గీత గీయించింది.